నైరుతి తూము

మా ఇంట్లో గిన్నెలు కడిగే యంత్రం ఉంది. అందులోంచి నీళ్ళు తోడిపోసే మనిషిని నేను.

తెనాలిలో మా వీధి మొత్తానికి డిష్‌వాషర్ మొదట వచ్చింది మా ఇంటికే. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు "అదృష్టవంతురాలివమ్మా, మీట నొక్కి కూర్చోవడమే" అని దిష్టి పెట్టి మరీ వెళ్ళారు. వాళ్ళు గేటు దాటగానే నేను చెంబు పట్టుకుని దాని ముందు చతికిలబడేదాన్ని. లోపల అడుగున మురికినీళ్ళు నిలిచి ఉండేవి. పప్పు, చారు, నూనె, సబ్బు అన్నీ కలిసి ఒక రంగు లేని రంగులో ఉండేవి. వాటిని చెంబుతో బకెట్లోకి తోడి, బకెట్టు మోసుకెళ్ళి స్నానాలగదిలో పారబోసేదాన్ని. అలాంటి నీళ్ళలో చేతులు పెట్టకూడదనే ఆ యంత్రం కొన్నాను.

ఆ చేతుల సంగతి ముందు చెప్పాలి. నేను చుండూరు దగ్గర బళ్ళో భౌతికశాస్త్రం చెప్తాను. సుద్దముక్క పొడి ఒకవైపు, ఇంట్లో గిన్నెల సబ్బు ఒకవైపు పట్టుకుని నా అరచేతుల్ని ఎండాకాలపు చేనులా చేశాయి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలి రక్తం వచ్చేది. ఒకసారి పరీక్ష పేపర్లు దిద్ది ఇస్తే, ఒక పిల్ల తన కాగితం పట్టుకుని వచ్చి, "ఇక్కడ ఎర్రగా చుక్క పెట్టారు, ఏం తప్పు రాశానండి?" అని అడిగింది. తప్పేమీ లేదమ్మా, కూర్చో అన్నాను. ఆ రోజు సాయంత్రమే మా ఆయన్ని బతిమాలి గుంటూరులో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరు నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "నేను ఎన్ని మందులు రాసినా సబ్బునీళ్ళు ముట్టుకున్నంత కాలం ఇది తగ్గదమ్మా" అని తేల్చేశాడు. రబ్బరు తొడుగులు వేసుకుంటే లోపల చెమటపట్టి ఇంకా ఎక్కువవుతుందని కూడా చెప్పాడు. వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "సబ్బునీళ్ళు ముట్టుకోకుండా ఆడవాళ్ళకి ఎలా కుదురుతుందే? డాక్టర్లు అలాగే చెప్తారు" అన్నారు. తర్వాత కునుకు తీశారు.

పనమ్మాయి అప్పటికే మానేసింది. ఒక కాలేజీ హాస్టల్లో వంటపని దొరికితే వెళ్ళిపోయింది. మంచిపని చేసిందనే అనుకున్నాను. తర్వాత వచ్చినవాళ్ళు ఎవరూ మా ఇంట్లో నిలవలేదు. అందుకు మా ఆయన కంచం కూడా ఒక కారణం. ఆయన అన్నం తిన్నాక కంచంలోనే చెయ్యి కడుగుతారు. వాళ్ళ నాన్న అలాగే కడిగేవారట, తాతా అలాగే కడిగేవారట. ఆ నీళ్ళలో నమిలేసిన ములక్కాడ పిప్పి, కరివేపాకు, ఆవాలు, నిమ్మగింజలు తేలుతుంటే కంచం అక్కడే వదిలేసి లేచిపోతారు. దాన్ని ఒలకకుండా పెరట్లోకి మోసుకెళ్ళడం ఒక విద్య. ఆ విద్య ఆ ఇంట్లో నాకొక్కదానికే వచ్చు.

అందుకే నా జీతంలోంచి డిష్‌వాషర్ కొంటానన్నాను. కొనడానికి మా ఆయన అడ్డు చెప్పలేదు. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చిక్కు వచ్చింది. మా ఆయనకి ఎరువుల కొట్టు ఉంది. ఏ చేనుకి ఏ ఎరువు ఎంత వెయ్యాలో ఆయన ఎవర్నీ అడగరు. ఇంట్లో గోడకి మేకు కొట్టాలంటే మాత్రం బాపట్లని అడుగుతారు. బాపట్ల అంటే ఆయన అక్కగారు, నాకు వదినగారు. వాస్తు కోసం ఆవిడ తన ఇంటి మెట్లు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మార్పించింది, వంటింటి కిటికీ మూయించింది, బాగానే ఉన్న ప్రహరీగోడ పడగొట్టి మళ్ళీ కట్టించింది. యంత్రం వస్తోందని తెలియగానే సిద్ధాంతిగారిని కార్లో ఎక్కించుకుని తెనాలి వచ్చేసింది.

సిద్ధాంతిగారు సెల్‌ఫోనులో దిక్కులు చూసుకుంటూ ఇల్లంతా తిరిగారు. నేను వంటింట్లో కుళాయి పక్కన చోటు చూపించాను.

"వద్దమ్మా. ఇది ఆగ్నేయం. అగ్ని ఉండేచోట నీళ్ళ వస్తువు పెడితే ఇంట్లో కలహాలు" అన్నారు.

"మరెక్కడ పెట్టమంటారండి?"

"బరువైన వస్తువు కదా, నైరుతిలో పెట్టండి. దివ్యంగా ఉంటుంది."

నైరుతి అంటే మా వెనక వసారా మూల. అక్కడ నేల కడిగిన నీళ్ళు పోవడానికి ఇల్లు కట్టినప్పుడే ఒక తూము పెట్టారు. పోనీలే, నీళ్ళు అందులోంచే పోతాయి కదా అన్నాను. వదినగారు గుండెమీద చెయ్యి వేసుకుంది. సిద్ధాంతిగారు కళ్ళు మూసుకుని తెరిచి, "నైరుతిలోంచి నీళ్ళు బయటికి పోతే ఇంటి యజమానికి గండం. ఎక్కడ వాడినా నీళ్ళు ఈశాన్యానికే చేరాలి" అన్నారు. ఆ పూటే తూములో గుడ్డపేలికలు కుక్కించి, పైన నాపరాయి ముక్క వేయించి, దానిమీద మా అత్తగారి కాలంనాటి రుబ్బురోలు పొత్రం పెట్టించారు.

కంపెనీవాళ్ళు వచ్చి యంత్రం బిగించిన రోజు నేను బడికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి అది వెనక వసారాలో తళతళలాడుతూ నిలబడి ఉంది. దాని వెనకనుంచి బూడిదరంగు పైపు ఒకటి గోడెక్కి, పెరటి గుమ్మం నెత్తిమీదుగా పోయి, మూల తిరిగి, ఉత్తరం గోడంతా పాకి, పక్కగుమ్మం నెత్తి కూడా దాటి, చివరికి ఈశాన్యంలో కాలవ దగ్గర దిగింది. కంపెనీవాళ్ళు వెళ్ళాక ప్లంబరుని పిలిపించి మా ఆయనే వేయించారట.

"చూశావా, ఒక్క గడప కూడా తొక్కకుండా తీసుకెళ్ళాం" అని మా ఆయన ఎంతో గర్వంగా చూపించారు. నా కళ్ళన్నీ యంత్రం మీదే ఉన్నాయి. పైపు సంగతి నాకు పట్టలేదు.

మొదటి రోజు గిన్నెలు శుభ్రంగానే వచ్చాయి. తలుపు తీస్తే అడుగున నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. రెండోసారి వేస్తే ఇంకాస్త పెరిగాయి. ఆ తర్వాత గిన్నెలమీద కూడా జిడ్డు మిగలడం మొదలైంది.

తప్పు ఎవరిదో మా ఇంట్లో వెంటనే తేలిపోయింది. "నువ్వు గిన్నెలు సరిగ్గా కడిగి పెట్టటం లేదు" అన్నారు మా ఆయన.

"కడిగే పెట్టాలంటే ఇంక యంత్రం ఎందుకండి?"

"మరి చెత్తంతా అందులో వేస్తే నీళ్ళెలా పోతాయే?"

నిజం చెప్పాలంటే అడుగున జల్లెడలాంటి ఫిల్టర్ తీసి చూస్తే అందులో ఉన్నది ఆయన కంచమే. పిప్పి, కరివేపాకు, ఆవాలు, ఎండుమిరపకాయ తొక్కలు. మీ కంచంలోది మీరు చెత్తబుట్టలో దులిపి పెట్టండి, అదొక్కటి చాలు అన్నాను. ఆయన నావంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. పొద్దుటినుంచి కొట్లో నిలబడి వచ్చినవాడు తన ఎంగిలికంచం తనే ఎత్తుకోవాలా అని అడిగారు. నేనూ పొద్దుటినుంచి బళ్ళో నిలబడే వచ్చాను. ఆ మాట పైకి అన్నాను కూడా. "నీది నీడపట్టు ఉద్యోగం" అన్నారు.

సరే, కంచం మారకపోతే కూర మార్చాను. సాంబారులో ములక్కాడలు మానేశాను. పోపులో కరివేపాకు మానేశాను. చారులో ఆవాలు కూడా మానేశాను. ఆయన చారు జుర్రుకుని, "ఏంటిది, ఆసుపత్రిలో తిన్నట్టుంది" అని విసుక్కున్నారు. నీళ్ళు మాత్రం కదల్లేదు.

అప్పుడు నాకు పంతం వచ్చింది. సెల్‌ఫోనులో వీడియోలు చూసి, ప్లగ్గు పీకేసి, ఫిల్టర్ గూడు విప్పి, దాని అడుగున నీళ్ళు తోసే పంపు మూత తీశాను. లోపల బుల్లి రెక్కలచక్రం ఉంటుంది. దాని పక్కన ఒక నిమ్మగింజ ఇరుక్కుని ఉంది. దొరికావే అనుకున్నాను. దాన్ని తీసి మళ్ళీ అన్నీ బిగించి మీట నొక్కాను. పంపు మూలుగుతున్న చప్పుడు వచ్చింది. ఆశగా తలుపు తీస్తే నీళ్ళు నన్నే చూస్తున్నాయి.

ఒక ఆదివారం, యంత్రం వెనక చిన్నగొట్టం గోడమీది పెద్దపైపులో కలిసే చోట లాగేశాను. ఆ కొస బకెట్లో పెట్టి మీట నొక్కాను. నీళ్ళు భళ్ళున వచ్చి పడ్డాయి. బకెట్టు నిండి వసారా కూడా తడిసింది. లోపల చూస్తే అడుగు ఖాళీ. పంపు బాగుంది, యంత్రం బాగుంది, నా పప్పూ బాగుంది. అప్పుడు తల పైకెత్తి ఆ పైపు చూశాను. తొమ్మిదో తరగతి పిల్లలకి నీటి పీడనం గురించి పాఠం చెప్పేదాన్ని, గుమ్మం నెత్తిమీదికి నీళ్ళెక్కించే శక్తి ఆ బుల్లి పంపుకి ఎక్కడిదని ఒక్కసారి కూడా అనుకోలేదు. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో పైపు ఇంతకన్నా ఎత్తుకి పోకూడదని బొమ్మ వేసి, పక్కన ఇంటూ గుర్తు కూడా పెట్టారు. నా మీద నాకే మండింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఒక చిన్న గొట్టం తిప్పి కింద తూములో పెడితే అయిపోయే పనే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకి అంతా వివరంగా చెప్పాను. ఆయన మామిడిపండు టెంక చీకుతూ విన్నారు. విని, ఎడంచేత్తో ఫోను తీసి బాపట్లకి కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టారు.

"వదినగారూ, నీళ్ళు అంత పైకి ఎక్కవండి. నా చేతులు మళ్ళీ చీలిపోతున్నాయి. ఆ తూము ఒక్కటి తెరవనివ్వండి" అన్నాను.

అవతలనుంచి ఆవిడ, "అమ్మాయ్, ఒక్కమాట అడుగుతాను చెప్పు. మా తమ్ముడి ప్రాణం ఎక్కువా, నీ చేతులు ఎక్కువా?" అంది.

నేను మా ఆయనవంక చూశాను. వదినగారి మాటకి నాకు అంత బాధ లేదు. ఆవిడ అలా అంటుందని తెలుసు. ఆయన ఏదో ఒకటి అంటారని, కనీసం 'అదేం మాట అక్కయ్యా' అంటారని చూశాను. ఆయన టెంక కంచంలో పడేసి, అందులోనే చెయ్యి కడిగి, "పోనీ తోడటానికి తేలిగ్గా ఉండేట్టు పెద్ద చెంబు కొందాంలే" అన్నారు.

పెద్ద చెంబు కొన్నారు కూడా. దాంతోపాటు సిద్ధాంతిగారు బాపట్లనుంచి ఒక రాగిరేకు పంపించారు. దానిమీద గళ్ళు గీసి ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. అది యంత్రం నెత్తిన అంటించి పసుపు, కుంకుమ పెట్టమన్నారు. దోషం ఏదన్నా ఉంటే పోతుందట. పెట్టాను. పసుపు కూడా చీలికల్లో మండింది.

ఆ తర్వాత ఏదో గృహప్రవేశం ఉందని మా ఆయన బాపట్ల వెళ్ళారు. ఆయన ఆటో వీధి మలుపు తిరగ్గానే నేను పొత్రం దొర్లించాను. నాపరాయి ఎత్తాను. పేలికలు పీకుతుంటే బొద్దింకలు బిలబిలా బయటికి వచ్చాయి. చెంబుడు నీళ్ళు పోసి చూశాను. గుడగుడమంటూ ఒక్క క్షణంలో పోయాయి. హార్డువేరు కొట్లో కొన్న గొట్టంముక్క యంత్రానికి తగిలించి, కొస తూములోకి దించి, నాపరాయి ఓరగా కప్పి, ముందు ఇల్లు తుడిచే బకెట్టు అడ్డం పెట్టాను. గోడమీది పైపుని ముట్టుకోలేదు. దేనికీ తగిలించి లేకుండా రెండు గుమ్మాల నెత్తిమీదుగా ఈశాన్యం దాకా అది అలాగే ఉండిపోయింది.

గిన్నెలు వేసి మీట నొక్కాను. అయ్యాక తలుపు తీసి అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. కాస్త చెమ్మ, అంతే. అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. గిన్నెల కోసం ఏడ్చే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు మా ఆయన వచ్చి, చెంబు బోర్లించి ఉండటం చూశారు. యంత్రం తలుపు తీసి లోపలికి తొంగిచూశారు. "నీళ్ళు పోతున్నాయే!" అన్నారు. రాగిరేకువంక చూసి రెండు చేతులూ జోడించారు. "చూశావా? నువ్వు నమ్మవు. చదువుకున్నవాళ్ళకి అదే రోగం."

నిజం చెప్తే నీళ్ళు ఆగిపోతాయి. ఆయన ఫోను చేసి చెప్పారు, వదినగారు బాపట్లంతా చెప్పింది. కుళాయి కారేవాళ్ళు ఒకరు, మోటారుకి నీళ్ళు ఎక్కనివాళ్ళు ఒకరు సిద్ధాంతిగారి దగ్గర రాగిరేకులు చేయించుకున్నారని తెలిసింది. ఆ నెలల్లోనే మా కర్లపాలెం పొలంలో ఏళ్ళతరబడి తెగని గట్టు తగాదా తేలిపోయింది. మా ఆయనకి షుగరు తగ్గింది. అన్నీ రేకు మహిమే అయ్యాయి. నైరుతిలోంచి నీళ్ళు మాత్రం రోజూ హాయిగా పోతున్నాయి.

నా చేతులు మానడం మొదలుపెట్టాయి. ముందు కణుపుల దగ్గర పక్కులు రాలాయి. తర్వాత చిటికెనవేలు నునుపు తేలింది. చాక్‌పీసు పట్టుకుంటే నొప్పి లేదు. మా పుట్టిల్లు రేపల్లె. మా తమ్ముడి కూతురి పెళ్ళికి ప్యాసింజరు బండిలో వెళ్ళాం. అంతకుముందు ఏ పెళ్ళికి వెళ్ళినా చేతులు కొంగులో దాచుకునేదాన్ని. గాజులావిడ నా చెయ్యి నొక్కితే చర్మం చిట్లుతుందని ఏదో వంక చెప్పి తప్పుకునేదాన్ని. ఈసారి మా తమ్ముడి భార్య, ఆ పెళ్ళిహడావిడిలోనూ, నా చెయ్యి అందుకుని ఆగిపోయింది.

"వదినా, చేతులు ఎంత బాగయ్యాయో! ఏం మందు వాడారండి?"

"నీళ్ళకి దారిచ్చానమ్మా" అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు కానీ నన్ను కూర్చోబెట్టి తనే దగ్గరుండి రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు వేయించింది. ఒక్క చుక్క రక్తం రాలేదు. తెనాలి తిరిగొచ్చేటప్పుడు బండిలో నేను కావాలనే చేతులు కదిలిస్తూ కూర్చున్నాను. మా ఆయన కళ్ళు మూసుకునే, "ఆ గలగలేంటే, కాసేపు పడుకోనీ" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన బాపట్లలో పడ్డారు. వదినగారింట్లో, ఆవిడ వాస్తు ప్రకారం మార్పించిన ఆ మెట్లమీదనుంచే కాలుజారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. అక్కడే కట్టు కట్టించి, వదినగారు స్వయంగా కార్లో తెనాలి తీసుకొచ్చింది. నేను కంగారుపడ్డాను. అబద్ధం ఎందుకు, ఆ కట్టు చూసి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. వదినగారు మాత్రం చెప్పులు కూడా విప్పకుండా ఇల్లు చూడటానికి బయల్దేరింది. ఈ ఇంట్లో ఏదో దోషం జరగకపోతే తమ్ముడికి ఇలా జరగదని ఆవిడ లెక్క.

ఈశాన్యంలో పైపు కొస దగ్గర ఆగింది. వంగి చూసింది. పైపు మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. ఎండి, గట్టిపడి, మూతి సగం మూసుకుపోయింది.

"రోజూ నీళ్ళు పోయే పైపులో కందిరీగ గూడెలా కడుతుంది?" అంది.

అక్కడినుంచి తలెత్తి పైపు వెంబడే నడుచుకుంటూ వచ్చింది. పక్కగుమ్మం, ఉత్తరం గోడ, మూల, పెరటిగుమ్మం. వసారాలోకి వచ్చి బకెట్టు కాలితో తోసింది. నేను దాచడానికి ప్రయత్నించలేదు.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"నెలలయింది వదినగారూ. కర్లపాలెం గట్టు తేలక ముందునుంచీ."

"నువ్వు బళ్ళో పాఠాలు చెప్తావా? పసుపుకుంకుమలు పోగొట్టుకునేదానివి కదే!"

"ఆయన పడింది మీ మెట్లమీద కదండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"మా మెట్లు సిద్ధాంతిగారు దగ్గరుండి కట్టించినవి. దోషం ఇక్కడుంది, పడటం అక్కడ జరిగింది."

"మరి షుగరు తగ్గిందీ, పొలం తేలిందీ ఈ తూము తెరిచాకేనండి."

"అది రేకు చలవ."

ఇంక మాట్లాడటానికి ఏముంది? పడకకుర్చీలో ఉన్న మా ఆయనవంక తిరిగాను. ఈయన కూడా ఒకసారి అక్క మాట పక్కనపెట్టి ఆలోచించవచ్చు కదా అనిపించింది. ఆయన నన్ను చూడలేదు. వాళ్ళక్కనే చూస్తూ, "పైపు మార్పించెయ్యి అక్కయ్యా" అన్నారు.

ప్లంబరు ఆ సాయంత్రమే వచ్చాడు. గొట్టం మళ్ళీ గోడెక్కింది. తూములో పేలికలు, పైన నాపరాయి, పైన పొత్రం. సిమెంటుతో పూడ్చమని వదినగారు ఒత్తిచెప్పింది. రేపు సిమెంటు తెచ్చి పూడుస్తానన్నాడు. ఆ రేపు రాలేదు, వదినగారు ఎదురుచూసి ఎదురుచూసి బాపట్ల వెళ్ళిపోయింది. నేను పెద్ద చెంబు తీశాను.

ఈసారి చీలికలు తొందరగా వచ్చాయి. తోడేది ఒకటే కాదు కదా. మనిషికి కుడిచెయ్యి లేదు. స్నానం చేయించాలి, బట్టలు ఉతకాలి, అన్నం కలిపి నోట్లో పెట్టాలి. గాజులు తీసేశాను. రాత్రీ పగలూ చేతులు మంటే. అయినా ఆయనకి ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. వేడన్నంలో ఆవకాయ, నెయ్యి వేసి నేను కలుపుతుంటే కారం, ఉప్పు, ఆవపిండి నేరుగా ఆ చీలికల్లోకి దిగేవి. పళ్ళు బిగపట్టి కలిపేదాన్ని. ముద్ద చేసి ఆయన నోటికి అందించేదాన్ని. ఆయన టీవీలో వార్తలు చూస్తూ నోరు తెరిచేవారు.

ఒక మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిన్నాక ఆయన మొహం చిట్లించి తల వెనక్కి లాగారు.

"నీ వేళ్ళేంటే అలా గుచ్చుకుంటున్నాయి? పెదాలు గీరుకుపోతున్నాయి. చెంచాతో పెట్టు" అన్నారు.

నేను ఆ చెయ్యి ఆయన మొహం ముందే ఉంచాను. ఎరుపు ఎక్కడ ఆవకాయో, ఎక్కడ చీలికో తెలియకుండా ఉంది. ఆయన చూస్తారేమోనని ఉంచాను. ఆయన నా చెయ్యి పక్కనుంచి టీవీవైపు తల వంచారు.

చెంచా కోసం లేచాను. చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి చెంచా తీశాను. దాన్ని చేత్తో పట్టుకునే వెనక వసారాలోకి వెళ్ళాను. పొత్రం దొర్లించాను. అది నేలమీద దడదడమంటూ పోయి గోడకి కొట్టుకుంది. నాపరాయి ఎత్తి పక్కన పడేశాను. పేలికలు లాగేశాను. గోడ దగ్గర గొట్టం పీకి, కొస తూములో పెట్టాను. ఈసారి బకెట్టు అడ్డం పెట్టలేదు, రాయి కప్పలేదు. యంత్రంలో ముందురోజునుంచి నిలవున్న నీళ్ళు ఉన్నాయి. మీట నొక్కాను. అవి గుడగుడమంటూ దిగుతున్న చప్పుడు ఇల్లంతా వినపడింది.

"ఏంటా చప్పుడు?" అన్నారు ఆయన లోపలినుంచి.

"నీళ్ళు పోతున్నాయండి."

"ఎటు?"

"నైరుతిలోకి."

కేకలేస్తారనుకున్నాను. బాపట్లకి ఫోను చేస్తారనుకున్నాను. చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడి, లోపలికి వచ్చాను. ఆయన నావంక చూసి, కంచంవంక చూసి, "అన్నం చల్లారిపోతోంది" అన్నారు.

చెంచా ఆయన ఎడంచేతిలో పెట్టాను.

"ఎడంచేత్తోనా?" అన్నారు ఆశ్చర్యంగా.

"ఎడంచేత్తోనే" అన్నాను. ఎదురుకుర్చీలో కూర్చుని, ఆయన సగం అన్నం ఒళ్ళో పోసుకుంటూ తింటుంటే చూశాను. తిన్నాక అలవాటుగా కంచంలోనే చెయ్యి కడగబోయి, ఏ చెయ్యి కడగాలో తెలియక ఆగిపోయారు.

కట్టు విప్పి చాలా రోజులయింది. గొట్టం తూములోనే ఉంది. వదినగారు అడిగినప్పుడల్లా ఆయన "ఆఁ, ఈశాన్యంలోకే పోతున్నాయి అక్కయ్యా" అని ఫోనులో చెప్తారు. ఇదేదో నామీద ప్రేమ అనుకునే వయసు దాటిపోయింది. మళ్ళీ ఎప్పుడన్నా చెయ్యి విరిగితే ఎడంచేత్తో తినాల్సి వస్తుందని భయం, అంతే. ఆయనకి కంచంలో చెయ్యి కడిగే అలవాటూ పోలేదు. నా చేతులు మళ్ళీ మానుతున్నాయి. పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆయన ఆ తూము కనపడనట్టు మొహం తిప్పుకుని పోతారు. నా చేతుల విషయంలో అలా నటించాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. వాటిని ఆయన నిజంగానే చూడలేదు.